పసిపాప నిద్రపై పెద్దల నమ్మకాలు: ప్రశ్నపత్రాలు కొలుస్తున్నది దేన్ని?

ఏడు నెలల పాప అర్ధరాత్రి లేచి ఏడుస్తుంది. వెంటనే ఎత్తుకోవాలా, రెండు నిమిషాలు ఆగి చూడాలా, పాలు పట్టాలా? దీనికి ప్రతి ఇంట్లోనూ ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు కూడా ఉంటే రెండు మూడు జవాబులుంటాయి. ఆ జవాబుల వెనక ఉన్న నమ్మకాలను అంకెల్లోకి మార్చే ప్రయత్నం మనస్తత్వ శాస్త్రంలో పాతికేళ్లకు పైగా సాగుతోంది. పిల్లల నిద్ర క్లినిక్కుల్లోనూ, పరిశోధనల్లోనూ, ఇటీవల ఫోను యాప్‌లలోనూ తల్లిదండ్రుల చేత నింపించే ప్రశ్నపత్రాలు ఆ ప్రయత్నం నుంచి వచ్చినవే. తల్లి ఆలోచన తీరే పాప నిద్రను నిర్ణయిస్తుందంటూ అప్పుడప్పుడూ కనిపించే వార్తలకు మూలం కూడా చాలావరకు ఇవే. అయితే ఆ అంకెలు దేన్ని కొలుస్తున్నాయన్నది వార్తల శీర్షికలు చెప్పినంత తేలిగ్గా తేలే విషయం కాదు.

క్లుప్తంగా

ఈ ప్రశ్నపత్రాలు ప్రధానంగా కొలిచేది, పాప మేలుకున్నప్పుడు పెద్దలు ఏం చేయాలన్న అభిప్రాయాన్ని. ఆ అభిప్రాయానికీ పాప నిద్రకూ సంబంధం ఉందని పరిశోధనలు చూపాయి. కానీ ఆ సంబంధం రెండు వైపులా నడుస్తుంది. పైగా ఈ కొలతలు చాలావరకు, పిల్లలు తొట్టెలో విడిగా పడుకునే సమాజాల్లో రూపుదిద్దుకున్నాయి. తల్లి పక్కలో పడుకునే పిల్లల విషయంలో వాటిని ఉన్నవున్నట్టు వాడితే అంకె వస్తుంది గాని, దాని అర్థం మారిపోతుంది.

ఏడిస్తేనే లెక్కలోకి వచ్చే మెలకువ

పిల్లల రాత్రి మెలకువలను లెక్కపెట్టడం నమ్మకాల కొలత కన్నా పాత పని. 1957లో లండన్ పిల్లలపై మూర్, యూకో అనే పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ‘రాత్రంతా నిద్ర’ అంటే అర్ధరాత్రి నుంచి ఉదయం 5 గంటల వరకు అని నిర్వచించింది. ఐదు గంటలన్నమాట. ఈనాడు ‘రాత్రంతా పడుకుంటోందా?’ అని అడిగేవాళ్లూ, ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక నొచ్చుకునే తల్లులూ మనసులో పెట్టుకునే నిడివి దీనికన్నా బాగా ఎక్కువ.

1979లో అమెరికాలో థామస్ యాండర్స్ పిల్లల నిద్రను రాత్రిళ్లు వీడియో తీసి పరిశీలించారు. పెద్దలు ‘బాగా పడుకుంటారు’ అని చెప్పిన పిల్లలు కూడా రాత్రి మేలుకుంటున్నారని అందులో బయటపడింది. తేడా మేలుకోవడంలో లేదు, మేలుకున్న తర్వాత చేసేదాంట్లో ఉంది. కొందరు కాసేపు కదిలి, వేలు చీకుతూ మళ్లీ నిద్రలోకి జారుకుంటారు. కొందరు ఏడ్చి పెద్దలను పిలుస్తారు. మొదటి రకం మెలకువ పెద్దల లెక్కలోకే రాదు.

దీనికి శరీర ధర్మం కారణం. నవజాత శిశువు నిద్రలో దాదాపు సగం, కనుగుడ్లు కదులుతూ ముఖంలో చలనం కనిపించే చురుకైన నిద్ర. ఒక నిద్ర వలయం సుమారు 50 నుంచి 60 నిమిషాలు. పగలూ రాత్రీ తేడా తెలిపే అంతర్గత గడియారం మొదటి రెండు మూడు నెలల్లోగాని స్థిరపడదు. కాబట్టి మధ్య మధ్య మేలుకోవడం నిద్రలో భాగమే. అది ‘సమస్య’గా మారాలంటే ఎవరో ఒకరు వినాలి, విని ఒక అర్థం చెప్పుకోవాలి. ఆకలి, భయం, అలవాటు, మారాం, ఏదో జబ్బు: అదే ఏడుపుకు ఎన్ని అర్థాలైనా ఉండవచ్చు.

నమ్మకాలను కొలవాలన్న ఆలోచనకు మరో వైపు నుంచి కూడా బలం వచ్చింది. పెద్దల నిద్రలేమిపై పనిచేసిన చార్ల్స్ మోరిన్ 1990ల ఆరంభంలో, నిద్ర గురించి మనిషి పెట్టుకునే భయాలు, అంచనాలు నిద్రలేమిని పెంచి పోషిస్తాయని చూపే ప్రశ్నావళిని రూపొందించారు. పిల్లల నిద్ర పరిశోధకులూ అదే తోవ పట్టారు. కాకపోతే ఇక్కడ ఒక మెలిక ఉంది. పెద్దల నిద్రలేమిలో నమ్మేది, నిద్ర పోగొట్టుకునేది ఒకే మనిషి. పిల్లల విషయంలో నమ్మేది ఒకరు, నిద్రపోవలసింది మరొకరు. ఒకరి తలలోని ఆలోచన ఇంకొకరి నిద్రను తాకాలంటే మధ్యలో ఒక చర్య ఉండి తీరాలి: ఎత్తుకోవడం, జోకొట్టడం, పాలివ్వడం, లేదా కదలకుండా ఆగడం. ఈ రంగంలోని వాదాలన్నీ ఆ మధ్య మెట్టు చుట్టూనే తిరుగుతాయి.

మూడు కొలబద్దలు

ఎక్కువగా వాడుకలో ఉన్న వాటిలో మొదటిది 1999లో బ్రిటన్‌లో మోరెల్ ప్రచురించిన ప్రశ్నపత్రం. పసిపిల్లల నిద్ర గురించి తల్లుల ఆలోచనలను కొలవడం దీని పని. ఇందులో 20 వాక్యాలుంటాయి. ప్రతిదానికీ ‘అస్సలు ఒప్పుకోను’ నుంచి ‘పూర్తిగా ఒప్పుకుంటాను’ దాకా ఆరు మెట్లు. రాత్రి ఏడ్చినప్పుడు వెంటనే వెళ్లకపోతే పాప తనను వదిలేశారనుకుంటుందా, పగలు సరిగా పాలు తాగనందుకే రాత్రి లేస్తోందా, ఏడుపు వినగానే ఏదో ప్రమాదం జరిగిందనిపిస్తుందా, పాప పడుకోకపోతే తల్లిగా తన సామర్థ్యంపైనే సందేహం కలుగుతుందా: వాక్యాలు ఈ ధోరణిలో ఉంటాయి. జవాబులను గణాంక పద్ధతిలో విడదీసినప్పుడు ఐదు పాయలు తేలాయి. అవి హద్దు పెట్టలేకపోవడం (అంటే రాత్రి ఏడవగానే వెళ్లకుండా ఆగలేకపోవడం), కోపం, సందేహం, పాలు పట్టడం, భద్రత.

పాయలుగా విడదీయడమంటే ఏయే వాక్యాలకు జవాబులు కలిసి పెరుగుతున్నాయో, కలిసి తగ్గుతున్నాయో చూడటం. ఒక పాయలోని వాక్యాలు ఎంత గట్టిగా కలిసి నడిస్తే ఆ పాయ అంత నమ్మదగినదని లెక్క వేస్తారు. ఈ లెక్కకు ఒక బలహీనత ఉంది. ఒకే సంగతిని ఐదు రకాలుగా తిప్పి అడిగినా జవాబులు కలిసే నడుస్తాయి. కలిసి నడవడం వల్ల ఆ వాక్యాలు ఏదో ఒకదాన్ని స్థిరంగా కొలుస్తున్నాయని తెలుస్తుంది గాని, అనుకున్నదాన్నే కొలుస్తున్నాయని రుజువు కాదు. దానికి బయటి సాక్ష్యం కావాలి. ఐదు పాయల్లోనూ పిల్లల నిద్ర సమస్యలతో ఎక్కువగా ముడిపడినది హద్దు పెట్టడమే. ఆ తర్వాతి పరిశోధనల్లో ఎక్కువ భాగం దాని మీదే సాగింది.

రెండో కొలబద్ద దారి వేరు. ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్ విశ్వవిద్యాలయానికి చెందిన అవి సాదె, లియాట్ టికోట్స్కీ తదితరులు 2007లో ప్రచురించిన ఈ పద్ధతిలో తల్లిదండ్రులను సొంత పాప గురించి అడగరు. నిద్ర సమస్య ఉన్న ఊహాజనిత పిల్లల చిన్న చిన్న కథనాలు ఇచ్చి, ఆ పాప ఎందుకు లేస్తోంది, వాళ్ల అమ్మానాన్నలు ఏం చేయాలి అని అడుగుతారు. వేరే వాళ్ల పాప గురించి చెప్పేటప్పుడు మనిషి తనను తాను కాపాడుకునే ప్రయత్నం తక్కువ చేస్తాడన్నది దీని వెనక ఉన్న ఊహ. జవాబులు రెండు మొగ్గులుగా విడిపోయాయి. ‘పాప బాధపడుతోంది, ఓదార్చాలి’ అన్నది ఒకటి. ‘పాపకు తనంతట తాను పడుకోవడం అలవాటు చేయాలి, పెద్దల జోక్యం తగ్గాలి’ అన్నది రెండోది. నిద్ర సమస్యతో వైద్యులను ఆశ్రయించిన కుటుంబాల్లో రెండో మొగ్గు తక్కువగా కనిపించింది. తల్లుల కన్నా తండ్రుల్లో ఆ మొగ్గు ఎక్కువ. రాత్రి లేచేది ఎవరన్న లెక్క చూడకుండా ఈ తేడాను స్వభావానికి అంటగట్టడం తొందరపాటు.

మూడోది అవి సాదె 2004లో ప్రచురించిన సంక్షిప్త ప్రశ్నావళి. పరిశోధకుల నోట దాని పేరు బిస్క్. ఇది ముందు నిద్ర తీరునే అడుగుతుంది: ఎన్ని గంటలు పడుకుంటుంది, ఎన్నిసార్లు లేస్తుంది, లేచి ఎంతసేపు మెలకువగా ఉంటుంది, ఎక్కడ, ఎలా పడుకుంటుంది. చివర ఒక ప్రశ్న మాత్రం పూర్తిగా నమ్మకానిదే: మీ పాప నిద్రను మీరు సమస్యగా భావిస్తున్నారా? రాత్రికి మూడుసార్ల కన్నా ఎక్కువ మేలుకోవడం, గంటకు పైగా మెలకువగా ఉండటం, రోజు మొత్తంలో 9 గంటల కన్నా తక్కువ నిద్ర, వీటిని సాదె నిద్ర సరిగా లేదనడానికి గీతలుగా సూచించారు. 2019లో జోడి మిండెల్ బృందం దీన్ని సవరించి నిద్ర, తల్లిదండ్రుల అభిప్రాయం, తల్లిదండ్రుల ప్రవర్తన అనే మూడు భాగాలకు విడివిడిగా మార్కులు వేసే పద్ధతి తెచ్చింది. నిద్రనూ దానిపై అభిప్రాయాన్నీ ఒకే మూటగా కట్టకూడదని ఈ విభజనతో ప్రశ్నపత్రమే ఒప్పుకున్నట్టయింది.

నమ్మకం ముందా, మెలకువ ముందా

హద్దు పెట్టలేని తల్లుల పిల్లలు ఎక్కువగా లేస్తున్నారని తేలిందనుకుందాం. దీనికి రెండు వివరణలు సమానంగా నప్పుతాయి. ఏడవగానే ఎత్తుకోవడం వల్ల పాపకు తనంతట తాను నిద్రలోకి జారే అలవాటు పడలేదన్నది ఒకటి. పాప పుట్టుకతోనే ఎక్కువగా ఏడ్చే రకం కావడంతో, ఎన్ని ప్రయత్నాలు చేసినా ఫలించక, ఈ పాపకు హద్దులు పనికిరావు అనే నిశ్చయానికి తల్లి వచ్చిందన్నది రెండోది. ఒకే రోజున నింపించిన కాగితం ఈ రెంటినీ వేరు చేయలేదు.

వేరు చేయాలంటే పాప పుట్టకముందే అడగాలి. టికోట్స్కీ, సాదె 2009లో ప్రచురించిన అధ్యయనం ఆ పని చేసింది. గర్భిణులుగా ఉన్నప్పుడే తల్లుల అభిప్రాయాలు సేకరించి, పాపకు ఏడాది వచ్చేదాకా వెంబడించారు. నిద్రను తల్లి మాట మీదే వదిలేయకుండా యాక్టిగ్రాఫ్ అనే పరికరంతోనూ కొలిచారు. చేతి గడియారం అంత ఉండే ఈ పరికరం పాప కాలికి కట్టి ఉంటుంది, కదలికలను బట్టి నిద్రనూ మెలకువనూ అంచనా వేస్తుంది. మేలుకున్న పాప బాధలో ఉంటుందని గర్భంతో ఉన్నప్పుడే గట్టిగా నమ్మిన తల్లుల పిల్లల్లో తర్వాత నిద్ర ఎక్కువగా చెదిరింది. నిద్రపుచ్చే తీరే ఆ రెంటికీ మధ్య లంకె అని కూడా తేలింది. పాప ఇంకా పుట్టనే లేదు కాబట్టి ఆ తొలి అభిప్రాయానికి పాప ప్రవర్తన కారణం కాజాలదు.

అంతమాత్రాన కథ ముగియదు. పుట్టాక అభిప్రాయాలు మారుతూ పోతాయి, ఆ మార్పులో పాప పాత్ర ఉంటుంది. పైగా రెండిటి వెనకా మూడోది ఉండవచ్చు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో డగ్లస్ టెటి బృందం ఇళ్లలో రాత్రిపూట కెమెరాలు పెట్టి చూసింది. 2012లో టెటి, క్రాస్బీ ప్రచురించిన విశ్లేషణలో ఒక వరస బయటపడింది. కుంగుబాటు లక్షణాలున్న తల్లుల్లో పాప నిద్ర గురించిన ఆందోళనలు ఎక్కువ. ఆ ఆందోళన వల్ల వాళ్లు రాత్రి పాప దగ్గరికి ఎక్కువసార్లు వెళ్లారు, పాప పక్కన ఎక్కువసేపు గడిపారు. ఆ పిల్లలు ఎక్కువగా మేలుకున్నారు. అంటే అన్నిసార్లూ ఏడుపు విని తల్లి వెళ్లడం జరగలేదు. కొన్నిసార్లు తల్లి వెళ్లడమే ముందు, మెలకువ ఆ తర్వాత.

నమ్మకమని మార్కులు వేస్తున్నది కొంతవరకు అలసట కావచ్చు, దిగులు కావచ్చు. వరసగా నాలుగు రాత్రులు నిద్ర లేని తల్లికి ‘నా సామర్థ్యంపై నాకే సందేహం’ అన్న వాక్యం ఇస్తే ఏ మెట్టు మీద టిక్కు పెడుతుందో ఊహించడం కష్టం కాదు. అదే తల్లి వారం రోజుల విశ్రాంతి తర్వాత పెట్టే టిక్కు వేరు. స్థిరమైన నమ్మకానికీ ఆ రోజు మానసిక స్థితికీ తేడా పట్టుకోవాలంటే కొన్నాళ్ల వ్యవధితో రెండుసార్లు అడగాలి, కుంగుబాటునూ విడిగా కొలవాలి. మంచి అధ్యయనాలు ఈ రెండూ చేస్తాయి. యాప్‌లో ఒకే ఒక్కసారి నింపే ఫారం నుంచి అది ఆశించలేం.

కాగితం మీద ఒకటి, పక్క మీద ఒకటి

నమ్మకానికీ ఆచరణకూ మధ్య దూరం ఎంతో తెలుసుకోవడానికి భద్రత అంశం అనువైనది. ఎందుకంటే అక్కడ వైద్యుల సిఫారసు స్పష్టం: పసిబిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి. 1990ల తొలినాళ్లలో న్యూజిలాండ్, బ్రిటన్, అమెరికాల్లో ఈ ప్రచారం మొదలయ్యాక నిద్రలో సంభవించే ఆకస్మిక శిశు మరణాలు బాగా తగ్గాయి.

2017లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో 3,297 మంది తల్లులను ప్రశ్నించారు. మామూలుగా వెల్లకిలానే పడుకోబెడతామని 77 శాతం చెప్పారు. ఎప్పుడూ వెల్లకిలానే అన్నవారు మాత్రం 49 శాతం. అలాగే చేయాలని ఉద్దేశించి, అలాగే చేసినవారు 44 శాతానికి లోపే. ‘మామూలుగా’, ‘ఎప్పుడూ’ అన్న తేడాకే అంకె దాదాపు 28 పాయింట్లు పడిపోయింది. ఇదంతా తల్లులు నోటితో చెప్పింది. 2016లో పెన్సిల్వేనియాలో పసిపిల్లల పక్కలను రాత్రిపూట వీడియో తీసి చూసిన అధ్యయనంలో, నెల వయసు పిల్లల్లో 91 శాతం మంది దగ్గర వదులు దుప్పటి, దిండు వంటి ఉండకూడని వస్తువులు కనిపించాయి. కెమెరా ఉందని ఆ ఇళ్లలో వాళ్లకు తెలుసు. తెలిసీ అలా ఉందంటే, దాన్ని తప్పుగా వాళ్లు గుర్తించనే లేదన్నమాట. ‘భద్రత ముఖ్యమని నమ్ముతారా?’ అన్న ప్రశ్నకు నూటికి నూరు మంది అవునంటారు. ఆ జవాబు వల్ల ఒరిగేదేమీ లేదు.

అందుకే కొందరు పరిశోధకులు మాట నుంచి చేతకు జరిగారు. సాదె బృందం 2016లో ప్రచురించిన ప్రయోగంలో పెద్దలకు ఏడుస్తున్న పాప వీడియో చూపి, ఇక ఎత్తుకోవాలి అనిపించిన క్షణంలో చెప్పమన్నారు. పిల్లల నిద్ర సమస్యలతో వచ్చిన తల్లిదండ్రులు మిగతావారి కన్నా త్వరగా చెప్పారు. ఇక్కడ కొలిచింది సెకన్లను. సెకన్లకు మొహమాటం ఉండదు. మరి త్వరగా ఎత్తుకోవాలనిపించడం లోపమా? ప్రయోగం దానికి జవాబు చెప్పదు. ఓర్పు తక్కువ అనవచ్చు, స్పందన ఎక్కువ అనవచ్చు. ఏ పేరు పెడతామన్నది పరిశోధకుడి వైపు నుంచి వచ్చే నమ్మకం.

ఎవరి పక్కన ఎవరు

పైన చెప్పిన కొలబద్దలన్నిట్లోనూ పైకి చెప్పని ఒక చిత్రం ఉంది. పాప ఒక తొట్టెలో, వీలైతే ఒక గదిలో, విడిగా ఉంది. ఏడుపు వినిపిస్తుంది. తల్లి లేచి ‘వెళ్లాలా వద్దా’ అని నిర్ణయించుకుంటుంది. హద్దు పెట్టడం అనే పాయ మొత్తం ఆ నిర్ణయం మీద నిలబడింది. తల్లీబిడ్డా ఒకే పక్క మీద ఉన్నప్పుడు వెళ్లడమనేదే లేదు. పాప పూర్తిగా మేలుకోకముందే చెయ్యి దాని మీద పడుతుంది, జోకొట్టడం సగం నిద్రలోనే జరిగిపోతుంది. అలాంటి తల్లిని ‘వెంటనే స్పందిస్తారా?’ అని అడిగితే ‘పూర్తిగా ఒప్పుకుంటాను’ అనే అంటుంది. ప్రశ్నపత్రం ఆమెకు హద్దులు పెట్టలేని తల్లి అని మార్కు వేస్తుంది.

ఈ చిత్రం అందరిదీ కాదని మానవ శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. 1992లో గిల్డా మొరెల్లి, బార్బరా రోగోఫ్ తదితరులు అమెరికా మధ్యతరగతి కుటుంబాలు 18ని, గ్వాటెమాలాలోని మాయా కుటుంబాలు 14ని పోల్చి చూశారు. మాయా పిల్లలందరూ తల్లి పక్కలోనే పడుకునేవారు. అమెరికా పిల్లలను కొద్ది నెలల్లోనే వేరే గదికి మార్చడం ఎక్కువగా కనిపించింది. అమెరికాలో పసిబిడ్డలను వేరే గదిలో ఒంటరిగా పడుకోబెడతారని చెప్పినప్పుడు మాయా తల్లులు విస్తుపోయారు, ఆ పిల్లల మీద జాలిపడ్డారు.

తెలుగు పాఠకులకు మరింత దగ్గరి ఉదాహరణ ఒడిశాలోని భువనేశ్వర్‌ది. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ ష్వేడర్, సహ పరిశోధకులు 1995లో ప్రచురించిన పనిలో ప్రశ్నపత్రమే లేదు. ఏడుగురున్న ఒక ఊహాజనిత కుటుంబాన్ని ఇచ్చారు: తల్లి, తండ్రి, వేర్వేరు వయసుల ఐదుగురు పిల్లలు. ఇన్ని గదులే ఉన్నాయి, ఎవరిని ఎక్కడ పడుకోబెడతారో సర్దమన్నారు. భువనేశ్వర్ వాళ్లూ, షికాగో వాళ్లూ సర్దిన తీరును పోల్చి, దాని వెనక ఉన్న నైతిక సూత్రాలను వెలికి తీశారు. ఒడిశాలో తేలినవి: వావివరసలు తప్పకుండా చూడటం, ఎదిగిన ఆడపిల్ల రక్షణ, బలహీనులను ఒంటరిగా వదలకపోవడం, పెద్దాచిన్నా మర్యాద. పసిపాప అందరికన్నా బలహీనురాలు కాబట్టి ఒంటరిగా పడుకోబెట్టడం అక్కడ ఊహకే అందదు. షికాగోలో ముందు వరసలో ఉన్నది భార్యాభర్తల ఏకాంతం. చిన్నప్పటి నుంచే స్వతంత్రత అలవడాలన్న ఆదర్శం కూడా దానికి తోడు.

ఈ పద్ధతిలో తెలివి ఏమిటంటే, నమ్మకాన్ని అడగకుండానే రాబట్టడం. చాపలు ఎలా పరుస్తారో చూపమంటే జవాబులో నమ్మకం దానంతట అదే బయటపడుతుంది. మెట్ల మీద టిక్కులు పెట్టమంటే ఇచ్చిన వాక్యాల్లో లేని నమ్మకం ఎప్పటికీ బయటికి రాదు. మోరెల్ ఐదు పాయల్లో వావివరసలకు చోటు లేదు. రాత్రి ఏడుపు దిష్టి వల్లనో, ఉలికిపాటు వల్లనో అనుకునే నమ్మకానికీ లేదు. ఆ నమ్మకాలు తప్పా ఒప్పా అన్నది వేరే సంగతి. తల్లి రాత్రి చేసే పనిని అవి నిర్ణయిస్తున్నాయా లేదా అన్నదే కొలతకు కావలసింది.

దేశాల మధ్య అంకెల్లోనూ ఈ తేడా ప్రతిధ్వనిస్తుంది. 2010లో మిండెల్, సాదె తదితరులు 17 దేశాలు, ప్రాంతాల నుంచి 29,287 మంది తల్లిదండ్రుల జవాబులు సేకరించారు. వాటిలో భారత్ కూడా ఉంది. పిల్లలు పడుకునే సగటు వేళ న్యూజిలాండ్‌లో రాత్రి 7:27, హాంకాంగ్‌లో 10:17. రోజుకు మొత్తం నిద్ర జపాన్‌లో 11.6 గంటలు, న్యూజిలాండ్‌లో 13.3 గంటలు. ఆసియా దేశాల్లో పక్కలో పడుకోబెట్టుకోవడం చాలా ఎక్కువ. అక్కడే తమ పాప నిద్రను సమస్యగా చూసే తల్లిదండ్రులూ ఎక్కువ.

పక్కలో పడుకోవడం వల్లే సమస్య వచ్చిందని ఇందులోంచి తేల్చేవారున్నారు. అంత దూరం వెళ్లడానికి ఆధారం చాలదు. ఆసియా దేశాలే ఒకదానితో ఒకటి పోలవు. చైనాలో నాలుగింట మూడు వంతుల మంది సమస్య ఉందంటే, కొన్ని ఆగ్నేయాసియా దేశాల్లో అలా అన్నవారు చాలా కొద్దిమంది. అక్కడా పిల్లలు పక్కలోనే పడుకుంటారు. పక్కనే ఉన్న తల్లికి పాప ప్రతి కదలికా తెలుస్తుంది కాబట్టి మెలకువల లెక్క పెరగడమూ సహజం. పరికరంతో కొలిస్తే ఈ చిక్కు తీరుతుందా అంటే, అక్కడ మరో చిక్కు. యాక్టిగ్రాఫ్‌కు కదలికే ఆధారం. ఉయ్యాల ఊపితే, పక్కన తల్లి ఒత్తిగిలితే ఆ కదలికనూ అది పాప ఖాతాలో వేయవచ్చు. చీర ఉయ్యాలలో హాయిగా నిద్రపోతున్న పాప, ఆ లెక్క ప్రకారం మెలకువగా ఉన్నట్టే.

తెలుగు ఇళ్లకు ఈ ప్రశ్నలు సరిపోవాలంటే

ఒక ప్రశ్నావళిని మరో భాషలోకి తెచ్చేటప్పుడు పాటించే పద్ధతి ఉంది. ఇద్దరు విడివిడిగా అనువదిస్తారు, మూలం చూడని మరొకరు తిరిగి వెనక్కి అనువదిస్తారు, తేడాలు సరిచూస్తారు. తర్వాత కొందరు తల్లుల చేత గట్టిగా చదివించి, ప్రతి వాక్యాన్నీ ఏమని అర్థం చేసుకున్నారో అడుగుతారు. చివరగా రెండు భాషల్లోనూ పాయలు ఒకేలా విడిపోతున్నాయో లేదో లెక్క కడతారు. ఒకేలా లేకపోతే రెండు చోట్ల మార్కులను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. చాలాచోట్ల తొలి మెట్టు దగ్గరే ఆగిపోతారు. చివరిదానికి వందల మంది కావాలి, డబ్బూ కావాలి.

తెలుగు ప్రాంతాల్లో అంతకన్నా ముందు తేలవలసింది జవాబు ఎవరి దగ్గర తీసుకోవాలన్నది. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లే ఆనవాయితీ ఉన్న ఇళ్లలో మొదటి కొన్ని నెలలు రాత్రి పాపను చూసుకునేది బాలింత ఒక్కతే కాదు. స్నానం చేయించేది, ఉయ్యాల ఊపేది, ఏడిస్తే భుజాన వేసుకుని తిప్పేది చాలాసార్లు అమ్మమ్మ. తండ్రి ఆ నెలల్లో వేరే ఊళ్లో ఉండవచ్చు. తల్లి నింపిన కాగితం పాప నిద్రతో సరిపోలకపోతే అది కొలత లోపం కాకపోవచ్చు. ఆ ఇంట్లో చెల్లుబాటయ్యే నమ్మకం వేరొకరిదై ఉండవచ్చు.

కోపం పాయ సంగతి ఇంకా సున్నితం. అసలు పిల్లలే లేకపోతే బాగుండేదని రాత్రివేళ అనిపిస్తుందా అని అడిగే వాక్యం అందులో ఉంది. ఇంటికి వచ్చిన ఆశా కార్యకర్త ఎదుట, అత్తగారు వింటుండగా, దానికి ఒప్పుకునే తల్లి అరుదు. ఆ పాయలో మార్కు తక్కువ వచ్చిందంటే కోపం తక్కువని అర్థం చేసుకోకూడదు.

విదేశాల్లోని తెలుగు కుటుంబాల్లో రెండు రకాల సలహాలు ఒకే గదిలో ఎదురుపడతాయి. అమెరికా శిశువైద్యుల అకాడమీ 2022 మార్గదర్శకాలు కనీసం ఆరు నెలలు తల్లిదండ్రుల గదిలోనే, కానీ విడి పక్క మీద పడుకోబెట్టాలని చెబుతాయి. కాన్పుకు సాయం వచ్చిన అమ్మకు అది వింతగా తోస్తుంది. నిజానికి నిపుణుల్లోనూ ఏకాభిప్రాయం లేదు. తల్లిపాల వైద్యంపై పనిచేసే అంతర్జాతీయ వైద్యుల సంఘం 2020లో ప్రచురించిన నియమావళి, ప్రమాద కారణాలు లేని పాలిచ్చే తల్లుల విషయంలో పక్కలో పడుకోబెట్టుకోవడాన్ని వ్యతిరేకించదు. పొగ తాగడం, మద్యం, మత్తు మందులు, సోఫా మీద పడుకోవడం, నెలలు నిండకుండానో తక్కువ బరువుతోనో పుట్టిన బిడ్డ: ఇవి ఉన్నప్పుడు ప్రమాదం ఎక్కువని మాత్రం ఇరుపక్షాలూ ఒప్పుకుంటాయి. నిపుణులే విడిపోయిన చోట ఒక జవాబుకు ఎక్కువ మార్కులు, ఇంకో జవాబుకు తక్కువ వేసే ప్రశ్నపత్రం ఒక పక్షం చేరినట్టే.

మార్కులు చేరే చోట్లు

క్లినిక్‌లో ఈ కాగితానికి నిజమైన ఉపయోగం ఉంది. ‘సందేహం’లో మార్కు ఎక్కువున్న తల్లికి నిద్రవేళల పట్టిక ఇచ్చి పంపడం కన్నా ఆమె కుంగుబాటు గురించి ముందు అడగడం మేలు. ‘పాలు పట్టడం’లో ఎక్కువున్న తల్లికి కావలసింది పాప బరువు సరిగా పెరుగుతోందన్న భరోసా కావచ్చు. ఒకే ఫిర్యాదుతో వచ్చిన ఇద్దరికి వేర్వేరు సలహా ఇవ్వడానికి పాయల విభజన పనికొస్తుంది. మొత్తం మార్కు చూసి మంచి తల్లి, ఉదాసీన తల్లి అని తేల్చడానికి మాత్రం ఇది తయారు కాలేదు.

హద్దు పెట్టే పద్ధతులను ఎంచుకున్నా, ఎంచుకోకపోయినా దీర్ఘకాలంలో ఏమవుతుందన్నదానికి కొంత ఆధారం ఉంది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో అలాంటి నిద్ర శిక్షణ పొందిన కుటుంబాలనూ, పొందని వాటినీ పిల్లలకు ఆరేళ్లు వచ్చేదాకా అనుసరించి 2012లో ఫలితాలు ప్రచురించారు. రెండు వర్గాల పిల్లల మధ్య ప్రవర్తనలో, నిద్రలో, తల్లిదండ్రులతో బంధంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. శాశ్వత హాని లేదు, శాశ్వత లాభమూ లేదు. కెనడాలో 2018లో ప్రచురితమైన మరో అధ్యయనంలో ఆరు నెలల పిల్లల్లో 38 శాతం మంది వరసగా 6 గంటలు కూడా పడుకోవడం లేదు. ఏడాది వయసులో అలాంటివారు 28 శాతం. వాళ్ల వికాసంలోనూ, తల్లుల మానసిక స్థితిలోనూ దీనివల్ల తేడా కనిపించలేదు. ఇంతమంది పిల్లలు చేసే పనిని లోపమనడం అంకెలకు పొసగదు.

ఇక మార్కెట్. 17 దేశాల అధ్యయనానికి పిల్లల ఉత్పత్తులు అమ్మే జాన్సన్ అండ్ జాన్సన్ మద్దతు ఉంది, పరిశోధకుల్లో ఆ సంస్థ ఉద్యోగి కూడా ఉన్నారు. అది దాచిన సంగతి కాదు, ఆ పత్రంలోనే ఉంది. దానివల్ల అంకెలు తప్పైపోవు. కానీ ఏ ప్రశ్న అడగాలన్న ఎంపికలో నిద్రకు ముందు స్నానం, ఒక క్రమమైన దినచర్య వంటి అంశాలకు దక్కే ప్రాధాన్యాన్ని పాఠకుడు ఆ వెలుగులో చూడవచ్చు. యాప్‌ల విషయంలో మరో జాగ్రత్త అవసరం. బిస్క్ సవరించిన రూపం వంద మార్కులకు లెక్క వేస్తుంది. ఆ లెక్కకు ఆధారమైన సగటులు అమెరికా పిల్లలవి. రాత్రి పదిన్నరకు, టీవీ కట్టేశాక, నాన్నమ్మ పక్కలో పడుకునే విజయవాడ పాపకు ఆ లెక్క ప్రకారం మార్కు తగ్గుతుంది. తగ్గడానికి కారణం పాప నిద్రా, ఇంటి వేళలా, పక్క ఏర్పాటా అన్నది మొత్తం మార్కు చూపదు. విడి భాగాల మార్కులు చూస్తే కొంత తెలుస్తుంది. చాలా యాప్‌లు తెర మీద చూపేది మొత్తాన్నే.